రెండు మిల్లీమీటర్ల గొడవ

అల్మారాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో తలుపులకు రంధ్రాలు వేసే మిషను ఆమెది. పదకొండేళ్లుగా దాని ముందే నిలబడింది. వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారు. అంత చేయి తిరిగిన మనిషికి, ఒక ఆదివారం భోజనాల దగ్గర మరిది అన్న మాటతో ముద్ద దిగలేదు.

"ఏం రంధ్రాలు వేస్తున్నారు వదినా? మూడు నెలలుగా ఒక్క తలుపూ సరిగ్గా మూతపడి చావట్లేదు."

మరిది అదే కంపెనీలో ఫిట్టరు. ఇళ్లకు వెళ్లి అల్మారాలు బిగిస్తాడు.

"మరి పైవాళ్లకి చెప్పలేదా?"

"నాలుగుసార్లు ఫిర్యాదు ఫారం నింపిచ్చా. ఏ మూల గుర్రుపెట్టి నిద్రపోతోందో!"

మర్నాడు ఆమె టేపు పెట్టి కొలిచింది. తన చేతిలో తప్పు లేదు. మూడు నెలల కింద మేనేజరు మార్చిన డ్రాయింగులోనే తలుపు మడతబందు బిగించే రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. సూపర్‌వైజరుకు చూపిస్తే, "ఫారం రాసివ్వక్కా" అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం డబ్బా కూడా విప్పకుండా ఫోనులో ఒక గ్రూపు పెట్టింది. రంధ్రాలు వేసేవాళ్లు, ప్యాకింగువాళ్లు, ఫిట్టర్లు, మొత్తం ఇరవై ఏడుగురు. అన్నేళ్లుగా ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్లు. ఫొటోలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. మరలు దారిలో రాలిపోతున్నాయని తెలిసి, ప్యాకింగువాళ్లు మర్నాడే వాటి సంచిని తలుపుకు టేపుతో అంటించారు. డ్రాయింగు మాత్రం మేనేజరు సంతకం లేనిదే మారదు.

మూడో రోజు మేనేజరు పిలిచాడు.

"ఎవర్నడిగి పెట్టావమ్మా ఆ గ్రూపు? ఏదైనా పద్ధతి ప్రకారం రావాలి. ఇప్పుడే తీసెయ్."

"తియ్యను సార్."

"ఏంటీ?"

"పద్ధతి ప్రకారమే వచ్చాం. మా మరిది రాసిన ఫారాలు నాలుగు మీ దగ్గరే ఉండాలి. చదివారా?"

ఆయన మొహం జేవురించింది. "రేపట్నించి మిషను దగ్గరికి రాకు. ప్యాకింగులో నిలబడు."

ఆమె అక్కడే నిలబడి ఫోను తీసింది. బల్ల మీద ఆయన ఫోను టింగుమంది.

"మిమ్మల్నీ చేర్చాను సార్. ఇక మీకు తెలీదనడానికి ఉండదు."

ఆయన గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయాడు. అది ఇరవై ఏడుగురూ చూశారు. ఈసారి మరిది చేర్చబోతే కుదరలేదు. తననెవరూ గ్రూపుల్లో చేర్చకుండా ఆయన ఫోనులో అడ్డు పెట్టేశాడు. అప్పుడు ఫిట్టర్లు ఊరుకోలేదు. ఆ రోజు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ తలుపు పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటోలన్నీ కాగితాల మీద అచ్చు వేయించి, ఫ్యాక్టరీ గేటు నుంచి మేనేజరు గది దాకా గోడలకు అంటించారు. యజమాని కారు దిగి, ఒక్కొక్కటే చదువుకుంటూ లోపలికి నడిచాడు.

నాలుగో రోజు కొత్త డ్రాయింగు వచ్చింది. మేనేజరు గ్రూపులోకి తనంతట తనే వచ్చాడు. మిషను మాత్రం ఆమెకు తిరిగి రాలేదు.

"సారీ చెప్పొచ్చుగా వదినా," అన్నాడు మరిది, "ఇచ్చేస్తాడేమో."

"దేనికి చెప్పాలి? తలుపులు మూతపడుతున్నందుకా?"

మర్నాడు పొద్దున్నే ప్యాకింగులో పెట్టెలు ఎత్తుతుంటే ఒకదాని అడుగు ఊడి చేతిలోకి వచ్చింది. ఫొటో తీసి, మేనేజరు పేరు తగిలించి మరీ గ్రూపులో పెట్టింది.