లాండ్రీ లేని పేట

సెలవులకి పెద్ద ఊరు వెళ్లేవాళ్లు గది శుభ్రంగా ఉంటుందా, స్టేషన్ దగ్గరేనా, కిటికీలోంచి ఏమైనా కనబడుతుందా అని చూసుకుంటారు. నేను చూసుకున్నది ఒక్కటే. మేం దిగే పేటలో లాండ్రీ షాపు ఉండకూడదు.

మాది లాండ్రీ షాపు. ముందు కౌంటర్ దగ్గర వీధి వైపు తిరిగి నేను నిలబడతాను. నా వెనక ఇస్త్రీ బల్ల దగ్గర మా ఆయన ఉంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే ఏర్పాటు. మనిషి మంచివారే. పల్లెత్తు మాట అనరు. కాకపోతే ఒక దురలవాటుంది. నేను ఎవరితోనైనా మాట్లాడుతుంటే, ఉన్నట్టుండి ఇస్త్రీ పెట్టెని ధభీమని బల్ల మీద దించుతారు. నాకు గుండె ఝల్లుమంటుంది. ఎన్నిసార్లు మొత్తుకున్నా మానలేదు, నేనూ చెప్పడం మానేశాను.

దానికి తోడు కాలర్ పిచ్చి. బస్సు ఎక్కితే చాలు, ముందు సీట్లో కూర్చున్నాయన మెడ వంక గుచ్చి గుచ్చి చూస్తారు. "చూశావా, పైనుంచి రుద్దేశాడు. లోపలివైపు ముందు రుద్దాలి" అని నా చెవిలో గొణుగుతారు. ఆ పెద్దమనిషి వెనక్కి తిరిగాడంటే, ఈయనెవరో నాకు తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను. పెళ్లయిన కొత్తలో ఒక ఊరు వెళ్లాం. టీ తాగొస్తానని వెళ్లిన మనిషి పొద్దు వాలేదాకా పత్తా లేరు. కంగారుగా వెతుక్కుంటూ వెళితే, సందు చివర ఎవరిదో లాండ్రీలో చొక్కా చేతులు పైకి మడిచి, వాళ్ల ఇస్త్రీ పెట్టె పట్టుకుని, పాంటు మడత ఎలా నిలబెట్టాలో వాళ్లకే పాఠం చెబుతున్నారు. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా అదే తంతు.

ఇన్నాళ్లూ ఇంట్లో మా అమ్మాయి ఉండేది కాబట్టి నడిచిపోయింది. దానికి నర్సు ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లాక, భోజనానికి ఇద్దరమే కూర్చున్నాం. "డాక్టరుగారి కోటు మరక పోయింది" అన్నారు ఆయన. "ఊఁ" అన్నాను. మర్నాడు "బ్యాంకాయన చొక్కా గుండీ ఊడింది" అన్నారు. నిజం చెప్పాలంటే భయం వేసింది. ఇకమీదట ఈ ఇంట్లో మరకలూ గుండీలేనా? ఊళ్లోవాళ్ల బట్టలు పక్కన పెడితే మా ఇద్దరి మధ్య ఇంకేమైనా ఉందా, లేదా? అది తేల్చుకోవాలనిపించింది. పంతం పట్టాను.

"నాలుగు రోజులు షాపు మూసి పెద్ద ఊరు వెళ్దాం. కానీ అక్కడ మీరు ఇస్త్రీ పెట్టె ముట్టుకోకూడదు" అన్నాను.

"ముట్టుకోను."

"దానివంక చూడనుకూడా చూడకూడదు."

ఆయన కాసేపు ఆలోచించి, "ఎదురుపడితే?" అన్నారు.

ఆ ఒక్క ముక్కతో నాకు తెలిసిపోయింది. ఈయన మాట నమ్ముకుంటే లాభం లేదు. ఎదురుపడని చోటే వెతకాలి.

అమ్మాయికి ఫోన్ చేశాను. అది అక్కడ ఫోన్లో మ్యాపు తెరిచి కూర్చుంది. "పాత బజారు పేట బాగుంటుందమ్మా. అన్నీ దగ్గర" అంది.

"లాండ్రీలున్నాయేమో చూడు."

"అబ్బో! వీధికొకటుంది."

"వద్దు."

"కాలేజీ పేట చూడనా? అయ్యో, అక్కడన్నీ హాస్టళ్లు. ఇంకా ఎక్కువున్నాయి."

"అదీ వద్దు."

"ఏటి ఒడ్డున ఒక్కటేనమ్మా, అదీ చిన్నది."

"మీ నాన్నకి ఒక్కటి చాలు."

అది నవ్వీ నవ్వీ, మళ్లీ వెతికి, "ఇదిగో, ఒక పేటలో అసలు ఒక్కటీ లేదు. పెద్ద పెద్ద భవనాలు, వెడల్పు రోడ్లు. కానీ అమ్మా..." అంది.

"కానీ లేదు, గీనీ లేదు. అక్కడే గది చూడు."

"నేను చెప్పేది కాస్త విను."

"విన్నానులే. ఖాయం చెయ్యి."

హోటల్‌కి నేనే ఫోన్ చేసి, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఏర్పాటు ఉందా అని అడిగాను. లేదని అతను పాపం ఎంతో నొచ్చుకుంటూ చెప్పాడు. "అమ్మయ్య!" అన్నాను. శని, ఆదివారాలు అద్దెలో బాగా తగ్గింపు కూడా ఉందన్నాడు. అప్పుడైనా నా బుర్ర వెలగాలి కదా, వెలగలేదు.

శనివారం పొద్దున దిగాం. గది అద్దంలా ఉంది. అలమార తెరిస్తే అందులో చిన్న ఇస్త్రీ పెట్టె! ఆయన స్నానం చేసి వచ్చేలోగా దాన్ని తువ్వాలులో చుట్టి, కిందికి పట్టుకెళ్లి, కౌంటర్లో కుర్రాడి చేతిలో పెట్టాను. "పని చేయట్లేదా అండీ?" అన్నాడు. "పని చేస్తుంది. అందుకే తెచ్చాను" అన్నాను.

తర్వాత ఊరు చూద్దామని బయటికొచ్చాం. రోడ్డు మీద నరమానవుడు లేడు. ఎటు చూసినా ఆకాశాన్నంటే ఆఫీసులు, వాటికి తాళాలు. టీ కొట్టు షట్టర్ దించి ఉంది. సోమవారం తెరుస్తామని దాని మీద కాగితం అంటించారు. దాని పక్కన భోజన హోటల్‌కీ అదే కాగితం, మలుపు తిరిగాక పళ్లరసాల కొట్టుకీ అదే. ఆఫీసులకొచ్చే జనంతో బతికే పేట అది. సెలవు రోజున అందులో మేమిద్దరమే ఉన్నాం.

"ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నాను. నా కడుపు నకనకలాడుతోంది.

"అవును" అన్నారు ఆయన.

నీళ్లు రాని ఫౌంటెన్ ఎదురుగా ఒక బెంచీ ఉంటే కూర్చున్నాం. ఇక అడగాల్సింది అడిగేశాను. "ఏదైనా మాట్లాడండి. బట్టల సంగతి తప్ప."

ఆయన ఆ చివరిదాకా చూశారు, ఈ చివరిదాకా చూశారు. గొంతు సవరించుకుని, "రోడ్లు శుభ్రంగా ఉన్నాయి" అన్నారు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. దీనికేనా నేను ఊరంతా జల్లెడ పట్టింది? ఆ పూట సంచిలో ఉన్న బిస్కెట్లు తిని పడుకున్నాం.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర నిలబడి ఆ ఖాళీ రోడ్డు చూస్తుంటే, ఆయన నెమ్మదిగా నా వెనక వచ్చి నిలబడ్డారు. "మనుషులుంటేనే కదా బట్టలు మాసేది" అన్నారు. ఆ గొంతులో ఎగతాళి లేదు.

"మీకు ముందే తెలుసా?"

"అమ్మాయి చెప్పింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వంత పట్టుదలగా వెతికావు. నీకు కావాల్సింది ఇదే అయితే ఇక్కడే ఉందామనుకున్నా."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నా మీద. కానీ వచ్చిన పని సగంలో వదిలేసే మనిషిని కాను నేను. చెప్పులేసుకుని, "పదండి" అన్నాను.

"ఎక్కడికి?"

"వీధికొకటున్న చోటికి."

పాత బజారు పేటలో బస్సు దిగగానే ప్రాణం లేచొచ్చింది. బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు, వాటి కింద పిల్లల గోల, ఎవరో ఎవర్నో మేడ మీంచి కేకలేసి పిలవడం. కడుపునిండా తిన్నాం. రెండేసి టీలు తాగాం. నాలుగడుగులు వేశామో లేదో, వేడి గుడ్డ వాసన గుప్పుమంది. ఎదురుగా లాండ్రీ.

మా ఆయన ఠక్కున మెడ అటు తిప్పుకున్నారు. చూడాల్సింది ఏమీ లేని ఉత్త గోడని చూస్తూ, గబగబా రోడ్డు దాటబోయారు. అలా మెడ బిగపట్టుకుని నడుస్తున్న మనిషిని చూస్తే నాకు నవ్వూ ఆగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు. సంచిలో నలిగిపోయిన చొక్కానే ఒంటి మీద ఉంది. గదిలో ఉన్న ఇస్త్రీ పెట్టెని పంపేసింది నేనే కదా. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాను.

"చొక్కా విప్పండి. ఇస్త్రీకిద్దాం."

"ఇంకొకరికా?" అన్నారు, ఆస్తి రాసిచ్చెయ్యమన్నట్టు.

బల్ల దగ్గరున్నావిడ చొక్కా అందుకుని, "ఇప్పుడే అయిపోతుంది, కూర్చోండి" అని గోడ వారన బెంచీ చూపించింది. బట్టలిచ్చేవాళ్లు కూర్చునే బెంచీ. మా షాపులోనూ ఒకటుంది. దాని మీద మేమెప్పుడూ కూర్చోలేదు. ఆయన బనీనుతో నా పక్కన ఒదిగి కూర్చున్నారు.

ఆవిడ కాలర్‌ని పైనుంచి మొదలుపెట్టింది. ఆయన నా వైపు చూశారు. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పెదవి విప్పలేదు, మహానుభావుడు. కాసేపటికి ఆ చెయ్యి మెత్తబడింది.

"ఇలా పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో" అన్నారు.

"మీకు తీరికేదీ? ఎప్పుడైనా నా ముఖం చూశారా?" నోరు జారింది. జారితే జారింది, అది అడగడానికే వచ్చాను.

"ముఖం ఎక్కడ కనబడుతుంది? నువ్వు వీధి వైపు తిరిగి ఉంటావు" అన్నారు. "నాకు కనబడేది నీ జడ. బల్ల మీంచి తలెత్తితే అదే కదా ఎదురుగా. నీ మొదటి తెల్ల వెంట్రుక నీకంటే ముందు నేను చూశాను. ఎవడైనా నీ మీద గొంతు పెంచితే నీ ఎడమ భుజం కాస్త పైకి లేస్తుంది. నాకు మాటలు చేతకావు. అందుకని ఇస్త్రీ పెట్టె గట్టిగా దించుతాను. నేనున్నానని వాడికి తెలియాలిగా."

నేను బిత్తరపోయాను. నిజమే. ఆ చప్పుడు విన్నాక గొంతు తగ్గించని మనిషి లేడు. ఇన్నేళ్లూ ఆ చప్పుడుకి ఆయన్నే విసుక్కున్నాను.

"మరి ఇంట్లో నోరు విప్పరేం?"

"ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియదు. నీ వెనక నిలబడితే మాత్రం మనసులో రోజంతా నీతో మాట్లాడుతూనే ఉంటాను."

ఆవిడ చొక్కా తెచ్చి ఇచ్చింది. కాలర్ కొస ఒకవైపు పైకి లేచి ఉంది. మా ఆయన దాన్ని చూశారు, తొడుక్కున్నారు. "బాగుందమ్మా" అని ఆవిడకి చెప్పారు.

మిగిలిన రెండు రోజులూ పాత బజారులోనే గది తీసుకున్నాం. బెంచీ కనబడ్డ చోటల్లా కాసేపు పక్కపక్కన కూర్చుని, మళ్లీ లేచి నడిచాం. ఊరెళ్లగానే కౌంటర్ పక్కకి జరిపించబోతున్నాను. నాక్కూడా ఆయన కనబడాలి. మనసులో అనుకునేవన్నీ ఇకమీదట పైకి అనాలని షరతు పెట్టాను, ఒప్పుకున్నారు. ఇస్త్రీ పెట్టె మాత్రం ఎప్పటిలాగే ధభీమని దించమన్నాను.