నలభై మందికి ఒక బిళ్ల

కాలరు మీద ఇస్త్రీ అదిమి, మూడు లెక్కపెట్టి తీశాడు. ఆవిరి ముఖాన కొట్టింది. ఇరవై రెండేళ్లుగా కొడుతూనే ఉంది. కనుబొమలు సగం రాలిపోయాయి, కుడి మోచెయ్యి పూర్తిగా సాగదు. ఆ చొక్కాల ఫ్యాక్టరీలో అందరూ అతన్ని ఆవిరి బాబాయ్ అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

ఈ ఉదయం చేతులు పని చేస్తున్నాయి గాని కళ్లు సూపర్‌వైజరు బల్ల మీదే ఉన్నాయి. బల్ల పక్కన మేకు, మేకుకి రేకు బిళ్ల. హాలులో ఉన్న నలభై మందికీ అదొక్కటే. మరుగుదొడ్డికి వెళ్లాలంటే అది చేతిలో ఉండాలి. లేకపోతే తలుపు దగ్గర వాచ్‌మన్ కదలనివ్వడు.

పోయిన గురువారం ఆ బిళ్ల అతని జేబులో ఉండిపోయింది. వెళ్లొచ్చేసరికి తన ఇస్త్రీ బల్ల మీద చొక్కాలు గుట్టపడి ఉన్నాయి. గబగబా ఇస్త్రీ అందుకున్నాడు, బిళ్ల సంగతి మరిచిపోయాడు. కాజాలు కుట్టే ఆమె రెండుసార్లు లేచి వెళ్లి అడిగింది.

"బిళ్ల లేదుగా, కూర్చో" అన్నాడు సూపర్‌వైజరు, తలెత్తకుండా.

గంటన్నర కూర్చుంది. తర్వాత ఆమె స్టూలు కింద నేల తడిసింది. ఇద్దరు బిడ్డల తల్లి, ఒళ్లో చొక్కాలు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అప్పుడు తగిలింది బిళ్ల అతని వేళ్లకి, చల్లగా. ఎవరూ చూడకుండా మేకుకి తగిలించాడు. నోరు మాత్రం విప్పలేదు.

ఆమె మళ్లీ పనిలోకి రాలేదు. కార్మిక శాఖలో ఫిర్యాదు ఇచ్చింది. రేపు విచారణకి ఆఫీసరు వస్తున్నాడు. అందుకే ఇవాళ యాజమాన్యానికి పనివాళ్ల ఒత్తిడి మీద ఎక్కడలేని బెంగ పుట్టుకొచ్చింది.

పదింటికి మిషన్లు ఆపించారు. ఎవరో మేడమ్ వచ్చి అందరినీ కళ్లు మూసుకుని గాలి పీల్చమంది.

"పీల్చింది వదలొచ్చా బాబాయ్, దానికీ బిళ్ల కావాలా?" గొణిగింది పక్కన మడతలు పెట్టే అమ్మాయి. "ఈ ఇరవై నిమిషాలూ భోజనంలో కోస్తారు చూడు."

అతను కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే తడిసిన నేలే కనబడుతుంది.

ఆవిడ వెళ్లగానే కాయితాలు పంచారు. ఇక్కడ ఎవరికీ ఒత్తిడి లేదని, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి వెళ్లవచ్చని, ఆ రోజు కాజాల ఆమె అసలు అడగనే లేదని అచ్చు వేసి ఉంది. కింద సంతకానికి చోటు.

"ముందు నువ్వు పెట్టు పెద్దాయనా. నిన్ను చూసి మిగతావాళ్లు పెడతారు" అన్నాడు సూపర్‌వైజరు. "ఇంకో మూడేళ్లేగా నీకు, గొడవెందుకు?"

నిజమే. గొడవెందుకు? బిళ్ల సంగతి ఎవరికీ తెలియదు. ఒక్క గీత గీస్తే తను కూడా గట్టెక్కినట్టే.

పెన్ను తీసుకున్నాడు. ఆరో తరగతిలో ఆగిన చదువు. సంతకం చోట ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు: ఆమె రెండుసార్లు అడిగింది. బిళ్ల నా జేబులో ఉంది, మరిచిపోయాను. బిళ్ల లేదని ఆమెని పంపలేదు.

సూపర్‌వైజరు చదివాడు. మెడ నరం ఉబ్బింది.

"తెలివుండే రాశావా? దీంతో ముందు పోయేది నీ ఉద్యోగమే."

"మరుపు నాదే బాబూ. కూర్చోమన్నది మీరు."

కాయితం ముక్కలైంది.

"చింపండి. రేపు ఆఫీసరుకి నోటితో చెబుతా."

"అయితే ఇవాళే దయచెయ్యి."

మడతల అమ్మాయి సంతకం పెట్టని తన కాయితాన్ని బోర్లా తిప్పింది. కాసేపటికి ఆమె పక్కనున్నామె కూడా తిప్పింది.

తలుపు దగ్గర వాచ్‌మన్ అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"బిళ్లేది బాబాయ్?"

"అది తిరిగొచ్చేవాళ్లకి కదరా."

వాచ్‌మన్ చెయ్యి దించాడు.

ఇస్త్రీ బల్ల మీద, పదింటికి వదిలేసిన తెల్ల చొక్కా అలాగే ఉంది. ఒక చెయ్యి నున్నగా మడిచి ఉంది. రెండోది ముడతలతోనే బల్ల అంచు మీంచి కిందికి వేలాడుతోంది.