ఇరవై ఆడ ఎలుకలు

జొన్నరొట్టె నములుతుంటే నా దవడ టక్కుమని పట్టేసింది.

"ఇంకా తింటున్నవా చాందీ? బస్సు పోతది," అన్నాడు మా ఆయన బాబూరావు.

"నోరు జర తక్కువ జేస్తే నొప్పి గదే పోతది," అంది అత్తమ్మ.

ఇద్దరికీ బాక్సులు కట్టి, నా రొట్టె సగం వదిలేసి, కారేపల్లిలో ఖమ్మం బస్సెక్కాను.

అక్కడ ఒక డెంటల్ కాలేజీలో నేను రీసెర్చ్ అసిస్టెంట్‌ని. దవడ కీలు అరుగుదల మీద మా పని. ఎలుకకు మత్తిచ్చి చెవి ముందరి కీలులోకి మందు ఎక్కిస్తాం. కొన్నాళ్లకు ఆ కీలు అరుగుతుంది. నొప్పి ఎంతో ఎలుక చెప్పలేదు కాబట్టి, తిండి ముగించడానికి దానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాస్తాను. ఆరో నంబరు ఎలుకకు మామూలుకన్నా ఏడు నిమిషాలు ఎక్కువ పట్టిందని ఆ రోజు రాస్తూ ఆగిపోయాను. నాలుగేళ్లుగా నాకెంతసేపు పడుతోందో ఎవరూ చూడలేదు. నేనూ చూసుకోలేదు.

కొత్త ప్రయోగానికి దరఖాస్తు కూడా మా ప్రొఫెసర్ జస్టిన్ సార్ నన్నే రాయమన్నారు. ఎప్పటిలాగే నలభై మగ ఎలుకలు.

"ఓపీకి ఈ నొప్పితోని వచ్చేటోళ్లు ఎక్కువ ఆడోళ్లే గద సార్?"

"ఆడవాటికి హార్మోన్లు మారుతుంటయమ్మా, రిజల్ట్ చెడుతది. తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత' వినడం అది మూడోసారి. సగం మగ, సగం ఆడ అని రాసి సార్ ముందు పెట్టాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"కమిటీకి నువ్వే చెప్పుకో. వాళ్లు కాదంటే నీ పోస్టు గూడ ఉండదు."

"అవ్ సార్, నేనే చెప్త."

వారం తర్వాత, ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో సంపూర్ణ మేడం అడిగారు, "ఆడవాటికి రోజూ హార్మోన్ల మార్పులు కూడా చూసి రాయాలి. పని రెట్టింపు అవుతుంది కదా, ఎవరు చేస్తారు?"

"నేను చేస్త మేడం. ఈ నొప్పి నాకూ ఉంది. నాలుగేండ్లయింది."

జస్టిన్ సార్ చప్పున నా వైపు తిరిగారు. దవడ నొప్పుల డాక్టరు ఆయన. నాలుగేళ్లుగా మాది ఒకే గది.

కమిటీ ఒప్పుకుంది. బయటికొచ్చాక సార్ మెల్లగా అన్నారు, "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలే సార్."

ఓపీలో చీటీ రాయించుకుంటుంటే ఫోన్ మోగింది. "నాలుగ్గంటల బస్సుకు వస్తున్నవా?" అన్నాడు బాబూరావు.

"రాను. డాక్టరుకు చూపించుకుంటున్న. ఇయ్యాల రొట్టెలు మీరే చేయుండ్రి."

ఆయన ఏదో అంటుండగానే ఫోన్ సంచిలో వేసి వరసలో కూర్చున్నాను. నా ముందు ఏడుగురున్నారు. అందులో ఆరుగురు ఆడవాళ్లే.