మంచు కింద పచ్చిక

నేను ఒక పచ్చికను. అలాగని మీ పొలం గట్ల మీద ఎండకు పెరిగే గరికను కాను. చల్లగాలి తగిలితేనే ఒళ్ళు విరుచుకునే జాతి నాది. హిమాలయాల్లోని ఒక కంటోన్మెంట్‌లో, క్వార్టర్ ముందు నా విత్తనం చల్లింది ఎవరో సుబేదారు గారి భార్య. ఆవిడ బదిలీ మీద వెళ్ళిపోయింది. తర్వాత వచ్చినవాళ్ళు నా మీద పరుపులు ఆరేశారు, క్రికెట్ ఆడారు, నన్ను తిట్టుకుంటూ కత్తిరించారు. అందరూ పెట్టెలు సర్దుకుని వెళ్ళారు. నేను ఉన్నాను.

ఆ ఏడు శ్రీకాకుళం జిల్లా నుంచి హవల్దారు తవిటినాయుడు, భార్య పైడమ్మ వచ్చారు. దీపావళి దాకా నన్ను చూసి పైడమ్మ తెగ మురిసిపోయింది. తర్వాత అసలు చలి మొదలైంది. నేను పెరగడం మానేశాను. రంగు వెలిసి ఎండుగడ్డిలా తయారయ్యాను. నాకిది మామూలే. ఆకులు పోతే పోనిమ్మని, ఉన్న బలమంతా నేలనంటిన మొదట్లో దాచుకుంటాను. పైన మంచు పడితే మరీ సుఖం, దుప్పటి కప్పినట్టే.

ఇంతలో ధనుర్మాసం వచ్చింది. ఎక్కడున్నా పైడమ్మ ముగ్గు మానదు. చెప్పులతో ముగ్గు వెయ్యకూడదని ఆ చలిలో ఉత్తకాళ్ళతో గేటు దాకా వెళ్ళేది. సిమెంటు దారి జారుతోందని నా మీదుగా నడిచేది. తెల్లవారుజామున నా ఆకులు గడ్డకట్టి ఉంటాయి, తొక్కితే విరిగిపోతాయి. ఎండ ఎక్కేసరికి అడుగు పడిన చోటల్లా నల్లటి మచ్చ తేలేది.

మచ్చలు చూసి నాయుడు గునపం తెచ్చాడు.

"తెగులొచ్చి సచ్చిపోనాదే ఇది. తవ్వేసి ముల్లంగి ఏసేద్దుం."

బతికే ఉన్నానని చెప్పడానికి నాకు నోరేదీ? ఎన్ని చలికాలాలు చూసినా, ఆ గునపం లేచినప్పుడు మాత్రం భయపడ్డాను.

పైడమ్మ మచ్చలను గుమ్మం నుంచి గేటు దాకా చూసింది. వచ్చి ఒకదాని మీద పాదం ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

"ఆగు మావా! తెగులు కాదు, ఇయి నా అడుగులు."

"అడుగులకే సచ్చిపోద్దేటి గడ్డి?"

ఆమె కూర్చుని ఒక దుబ్బు పీకి, ఎండిన ఆకులు ఒలిచింది. లోపల మొదలు దగ్గర తెల్లగా, లేతపచ్చగా ఉన్నాను. అది తీసుకెళ్ళి మొగుడి ముక్కు దగ్గర పెట్టింది.

"సచ్చిందన్నావే, సూడు!"

నాయుడు గునపం గోడకు ఆనించాడు. మర్నాటి నుంచి ముగ్గు గుమ్మం దగ్గరే పడింది. గేటు బోసిగా ఉందని పైడమ్మకు మనసులో పీకుతూనే ఉండేది. అయినా నా మీద అడుగు పెట్టలేదు.

తర్వాత మంచు పడి నన్ను కప్పేసింది. అది కరిగాక లేచాను. మచ్చలు మాత్రం ఆలస్యంగా పూడాయి. పైడమ్మ రోజూ వచ్చి వాటినే చూసేది. ఆఖరి మచ్చ పచ్చబడిన పూట నా మధ్యకు వచ్చి, పాదాలు బాగా ఆనించి, అటూ ఇటూ తిరిగింది.

తొక్కమన్నాను, ఎంత కావాలంటే అంత.