మా వాళ్ళు తాగలేదు

ఆమె మా పత్రికాఫీసు మెట్లెక్కి వచ్చేసరికి పదిన్నర అయింది. చేతిలో ముందురోజు పేపరు ఉంది. కౌంటరు దగ్గర ఆగలేదు. తిన్నగా ప్రూఫు గదిలోకి వచ్చి, నా బల్ల మీద ఆ పేపరు పరిచింది.

"ఇది రాసిందెవరమ్మా?"

వేలు పెట్టి చూపించింది. రసాయనాల ఫ్యాక్టరీలో ట్యాంకు కడగడానికి దిగిన ముగ్గురు కూలీలు విషవాయువు పీల్చి చనిపోయారన్న వార్త అది. అందులో రెండో వాక్యం: 'మృతులు మద్యం మత్తులో ఉండి హెచ్చరికలను పట్టించుకోలేదు.'

"మా ఆయన జన్మలో తాగి ఎరగడు. ఆ వాసనకే డోకొచ్చేది ఆయనకి. ట్యాంకు గది తలుపుకి బయట గొళ్ళెం పెట్టారమ్మా, పనయ్యేదాకా ఎవరూ బయటికి రాకూడదని. లోపల్నించి బాదారంట. పక్క షెడ్డులో అందరూ విన్నారు. గొళ్ళెం తియ్యాలంటే సూపర్‌వైజరు చెప్పాలి. ఆయన వచ్చేసరికి బాదడం ఆగిపోయింది."

పేపరుని నా వైపు తోసింది.

"నా కూతుర్ని తాగుబోతు కూతురంటున్నారు. చెప్పండి, ఎవరు రాశారు?"

ఆ వాక్యం మా ఆఫీసులో పుట్టింది కాదు. మాది సాయంకాలం పత్రిక. రోజూ పదకొండింటికి ప్రభుత్వం పంపిన అధికారి ఒకాయన వచ్చి పక్కగదిలో కూర్చుంటాడు. ఆయన పేరు మాలో ఎవరూ పలకరు, 'ఎర్రపెన్ను' అంటాం. ఆయన కొట్టేసింది పోతుంది. ఆయన ఇచ్చింది అచ్చవుతుంది. ఆ వాక్యం ఆయన ఫైల్లోంచి వచ్చింది.

కానీ ఆమెకి చెప్పని సంగతి ఇంకొకటుంది. ఎర్రపెన్ను ఇచ్చిన కాగితంలో 'మధ్యం' అని ఉంది. ఒత్తు తీసేసి 'మద్యం' అని దిద్దింది నేనే. అబద్ధాన్ని అచ్చుతప్పుల్లేకుండా శుభ్రం చేసి పంపాను.

చదువుకుంటున్న పిల్లలు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు: అన్నేళ్ళు ఎలా ఊరుకున్నారు మీరు? భయం వల్ల అనుకుంటారు. భయం కొన్నాళ్ళే పనిచేస్తుంది. ఆ తర్వాత పని చేసేది అలసట. మొదటి ఏడాది మేం ఆ గది ముందు అరిచాం. రెండో ఏడాది గొణిగాం. తర్వాత గొణగడానికి కూడా ఓపిక లేకపోయింది. పేజీ వస్తుంది, దిద్దుతాం, పంపుతాం, బస్సెక్కుతాం. ఇంటికెళ్ళాక అన్నం వండుకోవాలిగా.

ఆ రోజు మాత్రం ఆమెని పొమ్మనలేకపోయాను. కింద మిషను రూంకి తీసుకెళ్ళాను.

మిషను రూంకి పెద్ద మా బాబాయి. నాకే కాదు, ప్రెస్సులో అందరికీ ఆయన బాబాయే. ఆమె చెప్పిందంతా నిలబడి విన్నాడు. పేజీని అచ్చురేకు మీదికి ఎక్కించే ప్లేటు మేకరు కూడా వచ్చి విన్నాడు. అతను రూలు తప్పని మనిషి.

"సవరణ వేయమని అడుగుదాం. పద్ధతిగా అడుగుదాం," అన్నాడు ప్లేటు మేకరు.

ఎడిటరుగారు మెత్తని మనిషి. ఆయన నాలుగు వాక్యాల సవరణ రాసి, మొదటి పేజీలో పెట్టి, పక్కగదిలోకి తీసుకెళ్ళాడు. పావుగంట తర్వాత ముఖం తుడుచుకుంటూ కిందికి దిగాడు. పేజీకి అనుమతి ముద్ర పడింది. సవరణ ఉన్నచోట మాత్రం ఎర్రగా అడ్డగీత.

"ఆ ఖాళీలో వాతావరణం వేసుకోమన్నాడు," అన్నాడు.

అప్పుడు పేపరు కట్టలు కట్టే అతను అన్నాడు, "సరే, వేసేద్దాం. వాళ్ళు ఫ్యాక్టరీ వాళ్ళు, మనం ప్రెస్సు వాళ్ళం. మనకెందుకండీ? పేపరు మూయించేస్తే మన పిల్లల్ని ఎవరు చూస్తారు?"

కొందరు తలలూపారు. అది పిరికి మాట కాదు, అతనికి నలుగురు పిల్లలు.

బాబాయి నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అతని దగ్గరకొచ్చాడు.

"ఒరేయ్, రేపు ఈ రోలర్లో నా చెయ్యి పోయిందనుకో. తాగొచ్చి చెయ్యి పెట్టాడనే రాస్తారు. ఆ పేపరు అచ్చేసేదెవడు? నువ్వే. కట్టలు కట్టేదెవడు? నువ్వే. సాయంత్రం మా ఇంటికొచ్చి మీ పిన్నిని ఓదార్చేదీ నువ్వే. ఏ మొహం పెట్టుకుని వస్తావురా?"

అప్పుడు నేను నోరు విప్పాను. ఒత్తు సంగతి చెప్పాను. అందరి ముందూ, ఆమె ముందు.

ఆమె నా వైపు చూసింది. "నువ్వు దిద్దావా?"

"దిద్దాను."

ఫరవాలేదు అనలేదు, తిట్టలేదు కూడా. "అయితే కాగితమియ్యి," అంది.

కాగితాల కట్ట మీద పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని రాసింది. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి. ఒక్కో అక్షరాన్నీ నిలబెట్టి రాసింది. మూడు వాక్యాలు.

'మా వాళ్ళు తాగలేదు. తలుపుకి బయట గొల్లెం పెట్టారు. బాదినా తియ్యలేదు.'

నా పెన్ను దానంతటదే 'గొల్లెం' మీదికి పోయింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు. పెన్నుకి మూత పెట్టి పక్కన పడేశాను.

"ఇదే వేద్దాం. ఇలాగే," అన్నాడు బాబాయి. "ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

సినిమాల్లోలా అందరూ ఒక్కసారిగా ఎత్తలేదు. ముందు ఐదారు చేతులు లేచాయి. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మరికొన్ని. కట్టలు కట్టే అతను చివరికి ఎత్తాడు, తల దించుకునే. ప్లేటు మేకరు ఆ కాగితాన్ని ఖాళీలో అంటించి, మొత్తం పేజీకి ప్లేటు తీశాడు. ఒంటిగంటకి మిషను తిరిగింది.

మూడింటికి ఫ్యాక్టరీలో షిఫ్టు మారుతుంది. అచ్చక్షరాల మధ్య చేతిరాత చూసి జనం గేటు దగ్గరే ఆగిపోయారు. చదువు రానివాళ్ళకి వచ్చినవాళ్ళు చదివి వినిపించారు. నాలుగున్నరకి పోలీసులు మా ప్రెస్సుకొచ్చారు. మిగిలిన కట్టలతో పాటు మమ్మల్నీ వ్యానుల్లో పడేశారు.

స్టేషను హాల్లో మా ముప్పై ఏడుమందినీ నేలమీద కూర్చోబెట్టారు. ఆమె మాలో లేదు. ఆమె కోసం ఎవరూ వెతకలేదు కూడా. కూలివాడి పెళ్ళాం రాసి ఉంటుందని వాళ్ళ ఊహకి తట్టలేదు.

"రాసినవాడెవడో ఇప్పుడే తేలుస్తా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తలా ఒక కాగితం తీసుకోండి. నేను చెప్పింది రాయండి."

మా పేపరు పట్టుకుని గొణుగుతున్నట్టు చదివాడు.

"వినపళ్ళేదు సార్," అన్నాడు బాబాయి. "మిషను మోతకి మా చెవులెప్పుడో పోయాయి."

కొంచెం గట్టిగా చదివాడు.

"కాస్త గట్టిగా సార్. తప్పు రాస్తే మళ్ళీ మీకే కష్టం."

ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండింది. గొంతు చించుకుని అరిచాడు: "మా వాళ్ళు తాగలేదు!"

కిటికీలు తెరిచే ఉన్నాయి. బయట రోడ్డంతా మా వ్యానుల వెనకే వచ్చిన ఫ్యాక్టరీ జనం. ఒక ఆడగొంతు ఆ మాట అందుకుంది. తర్వాత రోడ్డు రోడ్డంతా అంది, "మా వాళ్ళు తాగలేదు!"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"రెండోది చెప్పండి సార్," అన్నాడు కట్టలు కట్టే అతను, పెన్సిలు పట్టుకుని.

కిటికీలు మూయించి మిగతా రెండూ చెప్పాడు. కానీ బయటివాళ్ళకి అవి చెప్పక్కర్లేకపోయింది. మా కాగితాల మీద మేం రాసేలోపే వాళ్ళు పలికారు.

నేను 'గొల్లెం' అని రాశాను. పక్కకి చూస్తే ప్లేటు మేకరూ 'గొల్లెం' అనే రాశాడు. అవతల ఎడిటరుగారు, ఎం.ఏ. చదివిన మనిషి, ఆయనా అంతే. ముందుగా ఎవరం అనుకున్నది కాదు. ముప్పై ఏడు కాగితాలూ తిరగేసి, అన్నిట్లోనూ అదే తప్పు చూసి ఇన్‌స్పెక్టరు వాటిని మా మొహాన కొట్టాడు.

ముగ్గుర్ని ఉంచేసుకున్నారు: బాబాయిని, ప్లేటు మేకర్ని, ఎడిటరుగార్ని. మిగతావాళ్ళం బయటికొచ్చేసరికి ప్రెస్సుకి సీలు పడింది. జైలుకి తీసుకెళ్ళే వ్యాను మెట్టు ఎత్తుగా ఉండి బాబాయి కాలు పైకి రాలేదు. "కాస్త చెయ్యందించండ్రా, మీరేగా రమ్మంటున్నారు," అన్నాడు పోలీసులతో. నా వైపు తిరిగి, "మీ పిన్నికి చెప్పమ్మా. తాగి పోలేదని చెప్పు," అన్నాడు.

చెప్పాను. ఆవిడ నవ్వబోయి ఏడ్చింది.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ గేటు ముందు పగటి షిఫ్టు వాళ్ళు లోపలికి పోలేదు. రోడ్డు మీద కూర్చున్నారు. పని లేని మేం ముప్పై నలుగురం వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాం. మొదట ఎవరూ నినాదాలివ్వలేదు. అంత ఓపిక ఎవరికీ లేదు. ఆమె నా పక్కన చోటు చూసుకుని కూర్చుంది. తర్వాత లేచి కావలసినవి గట్టిగా చెప్పింది: గొళ్ళేలన్నీ ఊడదీయాలి, జైల్లో పెట్టిన ముగ్గుర్నీ వదలాలి, తాగలేదన్న మాట పేపర్లో అచ్చులో పడాలి.

మేనేజరు గేటు లోపల్నించి మైకులో మాట్లాడాడు. "మీరంతా బాగా అలిసిపోయి ఉన్నారు. ఆవేశపడకండి. లేచి పనిలోకి రండి."

ట్యాంకు సెక్షన్లో ఊడ్చే ముసలమ్మ కూర్చున్నచోటి నుంచే బదులు చెప్పింది.

"అలిసిపోయామయ్యా. అందుకే కూర్చున్నాం."

సైరను మోగింది. ఎవరూ లేవలేదు. కాసేపాగి మళ్ళీ మోగింది. వెనక వరసల్లోకి ఇంకా జనం వచ్చి కూర్చుంటూనే ఉన్నారు.