మెయిల్లో అమ్ముడుపోయిన రేవు

నందికొండ రేవులో ఎల్లయ్య పుట్టి పడవ దిగకముందే కాంట్రాక్టరు మనుషులు అతని చేపల గంప పట్టుకున్నారు. ఇకమీదట చేప తమకే, తాము చెప్పిన ధరకే అమ్మాలన్నారు. ఎల్లయ్య గంప వదలలేదు. తోశారు. చేపలు బురదలో పడి కొట్టుకున్నాయి.

కాంటా వేస్తున్న వజీరా చెయ్యి ఆగిపోయింది. చేపల బేరంలో తల నెరిసిన మనిషి. కోపంలో కూడా ముందు లెక్కే చూస్తుంది. ధర వాళ్ల చేతికి పోతే పట్టేవాడికి కూలి గిట్టదు, అమ్మే ఆడదానికి గంపే మిగలదు. పైగా ఆమె చేపల సంఘం బోర్డులో డైరెక్టరు. రేవును కాంట్రాక్టుకు ఇచ్చిన సంగతి ఆమెకే తెలియదు.

అక్కడున్న వాళ్లందరినీ వెంటేసుకుని సంఘం ఆఫీసుకు పోయింది. ఛైర్మన్ రఘుపతి కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. ఐదుగురు డైరెక్టర్లకూ తీర్మానం మెయిల్లో పంపాడట. ఒక్కరూ కాదనలేదట.

"నేనెప్పుడు ఒప్పుకున్న, ఛైర్మన్ సాబ్?"

"జవాబియ్యలే గద, వజీరమ్మా. ఇయ్యకుంటే ఒప్పుకున్నట్టే."

"బేరంల పలకకుంటే కొన్నట్టా? గట్లయితే బజార్ల నడిచేటోళ్లందరు నాకు బాకీ ఉండాలె."

గుమ్మంలో నిలబడ్డవాళ్లు నవ్వారు. రఘుపతి మాత్రం కాలం మారిందని, పెద్ద కంపెనీలే ఇట్లా చేస్తాయని అన్నాడు.

సాయంత్రం జాలర్లు, గంపల ఆడవాళ్లు, ఐసు మోసేవాళ్లు రేవులో కూర్చున్నారు. కాలేజీలో చదివే మనీష సంఘం నిబంధనలు చదివి వినిపించింది. ముగ్గురు డైరెక్టర్లయినా ఒకచోట కూర్చుంటేనే తీర్మానం చెల్లుతుంది. మెయిల్ మాట ఎక్కడా లేదు. కోర్టుకు పోదామన్నారు కొందరు. తీర్పు వచ్చేదాకా పిల్లలకేం పెట్టాలని ఎదురడిగారు ఇంకొందరు. మాటా మాటా పెరిగి చివరికి కోపం డైరెక్టరు మల్లప్ప మీదికి మళ్లింది. మెయిల్‌కు సరేనన్నది అతనే. అతనూ వలలు వేసేవాడే.

మల్లప్ప తల దించుకున్నాడు. "కాంట్రాక్టరు మనిషి ఇంటికొచ్చి ఫోన్ చేతికిచ్చిండు. మీ మొకాలు కనవడలే. ఒత్తిన."



"గందుకే వాళ్లకు మెయిల్ గావాలె," అంది వజీరా. "మన మీటింగు గీ రేవుల్నే పెడదాం. అందరు చూడంగ."

మోసానికి మనిషి ఒంటరిగా దొరకాలి. గుంపులో దాని సరుకు అమ్ముడుపోదు.

నోటీసు అందరికీ పోయింది. మీటింగు రోజు రఘుపతీ, అతని వైపువాళ్లూ రాలేదు. పోలీసు వ్యాను వచ్చింది. వజీరా, మల్లప్ప, గోపయ్య అనే ఇంకో డైరెక్టరు చాప మీద కూర్చున్నారు. గొడవ చేయిస్తున్నదని ఆడపోలీసులు వజీరాను లేపి వ్యాను ఎక్కించారు. ఇద్దరే మిగిలారు. ఇక సమావేశం లేదు. రఘుపతి లెక్క సరిగ్గా కుదిరింది.

మల్లప్ప తువ్వాల దులుపుకుని లేచాడు. నడుచుకుంటూ పోయి తానే వ్యాను ఎక్కాడు. వెనకాలే గోపయ్య. వాళ్ల మీద కేసు లేదు, దిగమన్నాడు ఎస్సై.

"మీటింగున్నది సార్," అన్నాడు మల్లప్ప, వజీరా పక్కన సర్దుకుంటూ.

ఎల్లయ్య పోయి చక్రాల ముందు కూర్చున్నాడు. ఆడవాళ్లు గంపలు బోర్లించి అతని పక్కన కూర్చున్నారు.

వజీరా వ్యాను కిటికీ జాలీకి మొహం ఆనించి, అందరికీ వినపడేలా అంది: "రేవు కాంట్రాక్టు రద్దు. ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తుండ్రి."

లోపల అందరికంటే ముందు మల్లప్ప చెయ్యి లేచింది. బయట ఓటు లేనివాళ్లూ ఎత్తారు. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి, మళ్లీ ఆపేశాడు.