మూడుసార్లు మెచ్చుకున్నాడు

మా ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది, కళ్లజోడుకి కాస్త కింద. కోట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు ఆయన్ని చాటుగా చిర్రుబుర్రుగారంటారు. అయినా వస్తారు. ఆయన కత్తెర పడ్డ కోటు ఒంటికి అతికినట్టుంటుంది మరి. ఆయన కత్తిరించి మిషను మీద కుడతాడు, గుండీలు పట్టే కాజాలు నేను చేత్తో కుడతాను. కాజా వంకర పోతే వేలు పెట్టి చూపిస్తాడు. వంకర పోకపోతే ఏమీ అనడు. పద్దెనిమిదేళ్లుగా ‘బాగుంది’ అన్న ఒక్క ముక్క కోసం నేనెంత ఎదురుచూశానో చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఆ రోజు పొద్దున షాపులో పై అరలోని గుండీల డబ్బా కోసం స్టూలెక్కాడు. “ఉండండి, నేను తీస్తాను” అంటూనే ఉన్నాను. స్టూలు జారింది. వెల్లకిలా పడ్డాడు. పడుతూ పడుతూ తల వెనక భాగం కటింగ్ బల్ల అంచుకి కొట్టుకుంది. గుండీలన్నీ గదినిండా దొర్లాయి.

ఓ అరనిమిషం ఎటో చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, “ఏం కాలేదు. ముందు గుండీలేరు” అన్నాడు. నిమ్మకాయంత బొప్పి కట్టింది గానీ రక్తం చుక్క కూడా లేదు. రక్తం లేదు కాబట్టి భయం లేదనుకున్నాను. తడిగుడ్డ పెట్టి ఆ సంగతి వదిలేశాను.

కాసేపటికి లెక్కల మాస్టారు కోటు కొలత సరిచూసుకోవడానికి వచ్చాడు. ఆ కోటు మీద ఆయనకీ మా ఆయనకీ రెండు వారాలుగా యుద్ధం. మాస్టారికి వదులుగా ఉండాలి, మా ఆయన ఒప్పుకోడు. ఒక చెయ్యే అతికించి, పొడుగాటి తెల్లదారం కుట్లతో ఉన్న ఆ కోటు తొడుక్కుని మాస్టారు దెబ్బలాటకి సిద్ధమయ్యాడు.

“రెండంగుళాలు వదులు చెయ్యాల్సిందే. చెప్పేశాను.”

“మీ ఇష్టం మాస్టారూ” అన్నాడు మా ఆయన.

మాస్టారు బిత్తరపోయాడు. “జేబు కూడా పెద్దది కావాలి” అన్నాడు, వచ్చిన అవకాశం వదలకుండా.

“అలాగే.”

నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు నిలబడ్డాడు మా ఆయన. “ఏమ్మా, మీవారికి ఇవాళ ఏమైంది?” అని మాస్టారు నా చెవిలో గుసగుసలాడాడు. “పుర్రెకో బుద్ధి అంటారుగా, ఈ పుర్రెకి ఇవాళ మంచి బుద్ధి పుట్టింది” అన్నాను నవ్వుతూ. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.

అప్పుడే మా ఆయన నా ఒళ్లో, నేను కాజాలు కుడుతున్న ఇంకో కోటు చూశాడు. “ఎంత బాగా కుట్టావోయ్! నీ చెయ్యి పడితేనే కోటుకి అందం” అన్నాడు.

నా మొహం చాటంత అయింది. లోపలికెళ్లి టీ పెట్టాను. ఆ సంతోషంలో పంచదార రెండుసార్లు వేశాను. గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి ఆయన మళ్లీ నా వైపు తిరిగి, “ఎంత బాగా కుట్టావోయ్! నీ చెయ్యి పడితేనే కోటుకి అందం” అన్నాడు. అదే మాట, అదే గొంతు.

మనసులో ఎక్కడో ఏదో కలుక్కుమంది. నిజం చెప్పాలంటే, నేనే దాని నోరు నొక్కాను. పద్దెనిమిదేళ్లకి దొరికిన మాట, రెండుసార్లు దొరికితే చేదా? అలా దగ్గర దగ్గర గంట గడిపేశాను.

“మాస్టారు ఎప్పుడొచ్చారు?” అని నన్నడిగాడు మా ఆయన. మాస్టారు ఆయన ఎదురుగానే ఉన్నాడు, రెండో టీ తాగుతూ. నేను జవాబు చెప్పేలోపే నా ఒళ్లోకి చూసి, “ఎంత బాగా కుట్టావోయ్!” అని మొదలుపెట్టాడు.

కోటు పక్కన పడేశాను. “ఏమండీ, పొద్దున స్టూలు మీంచి పడ్డారు, గుర్తుందా?”

“ఎవరు పడ్డారు?” అన్నాడు. వెలుతురు గుచ్చుకుంటోందని కళ్లు మూసుకున్నాడు. తల పగిలిపోతోందన్నాడు. పీలికలు వేసే బుట్టలో వాంతి చేసుకున్నాడు. “కాసేపు పడుకుంటే అదే తగ్గుతుంది” అన్నాడు.

పక్కనే ఉన్న మందుల షాపుకి పరిగెత్తాను. తలనొప్పి మాత్ర అడిగితే ఆ షాపమ్మాయి ఎందుకని ఆరా తీసింది. అంతా చెప్పాను.

“మాత్ర ఇవ్వనక్కా. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లు.”

“రక్తం రాలేదు కదమ్మా. స్పృహ కూడా తప్పలేదు.”

“బయటికి రాకపోతే లోపల ఏమీ లేదని ఎవరు చెప్పారు? అన్నదే అంటున్నాడు, పడ్డ సంగతే మరిచిపోయాడు, నొప్పి పెరుగుతోంది, వాంతయింది. వీటిలో ఒక్కటి కనిపించినా ఆగకూడదు. నువ్వు నాలుగు చెప్పావు. నడు!”

మాస్టారు తన కారులోనే తీసుకెళ్లాడు. ఒక చెయ్యి లేని కోటు విప్పడం కూడా మరిచిపోయాడు. ఆసుపత్రి గుమ్మంలో మమ్మల్ని చూసిన నర్సు, “పేషెంటు ఎవరు?” అని మాస్టార్నే పట్టుకోబోయింది. ఇంకెప్పుడైనా అయితే పడీ పడీ నవ్వేదాన్ని.

డాక్టరమ్మ కళ్లలో లైటు వేసి చూసింది, కాళ్లూ చేతులూ కదిలించమంది, స్కానింగుకి పంపింది. ఆ తలుపు బయట కూర్చున్నంతసేపూ ఒక్కటే అనుకున్నాను: మనిషి దక్కితే చాలు, జన్మంతా నన్ను తిట్టినా సరే.

“లోపల రక్తస్రావం లేదు. మెదడు అదిరింది, అంతే” అంది డాక్టరమ్మ వచ్చి. నా నెత్తిన పాలు పోసినట్టయింది. “రెండు రోజులు పూర్తి విశ్రాంతి. తర్వాత మెల్లమెల్లగా పని. నిద్ర పోనివ్వండి, ఫరవాలేదు. కానీ లేపితే లేవకపోయినా, మళ్లీ వాంతులైనా, నొప్పి పెరిగినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా వెంటనే తీసుకురండి. తెల్లారనీ, చూద్దాం అనుకోవద్దు.”

“గంట ఆలస్యం చేశానండీ” అన్నాను. ఎందుకు చేశానో కూడా చెప్పేశాను, ఏడుస్తూ. ఆవిడ నవ్వి నా భుజం తట్టింది. “తెచ్చారుగా” అంది.

మూడో రోజుకి మనిషి తేరుకున్నాడు. వదులు కోటు సంగతి విని మాస్టారి మీద మండిపడ్డాడు. ఆ పొద్దుటి సంగతులేవీ ఆయనకి గుర్తు లేవు. “ఇంకా ఏం వాగాను?” అని అడిగాడు.

చెప్పాలా వద్దా అని ఊగిసలాడి, చెప్పేశాను. “నా కాజాలు బాగున్నాయన్నారు. మూడుసార్లు.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“బాగుండకపోతే పద్దెనిమిదేళ్లు నోరు మూసుకుని ఉండేవాణ్ణా?” అన్నాడు చివరికి, విసుగ్గా.

మళ్లీ అదే అంటాడేమోనని నేను కనిపెట్టుకుని కూర్చున్నాను. ఆ మాట మళ్లీ అనలేదు. అప్పుడు నమ్మాను.